తరుగు

నరసాపురంలో మర పడవల ఇంజన్లకి
బెజ్జాలు కొట్టే కొట్లు చాలా ఉన్నాయి.
నాకు కావలసింది
ముక్కుపుడక బెజ్జంలో మూడో వంతు.
అందుకని సోమలింగాచారి గారి దగ్గరికి వెళ్ళాను.

నికెల్ రేకుని వెలుగుకి ఎత్తి చూశాడు.
"దేనికమ్మాయ్?"
ఆవిరి బయటికి రావడానికండి.
"దేని ఆవిరి?"
ఇనుముదండి.
కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

ఆయనెరిగిన ఇనుము
రేవులో పంటు గొలుసై తుప్పు రాలుస్తుంది,
ఉప్పుగాలికి కిటికీ చువ్వై పొరలు పొరలుగా ఊడుతుంది.
ఎగరడం ఎన్నడూ చూడలేదు.

నా సీసాలో ఇనుము నారింజరంగు పలుకులు.
కింద ఐదు కర్బనాల గాజు, పైన ఐదు కర్బనాల గాజు,
నడుమ ఒకే ఒక్క ఇనుప పరమాణువు.
మూత తీస్తే కర్పూరం వాసన.
కరగదు. ఉన్నపళంగా లేచిపోతుంది.
ఏ వేడికి, ఎంత తోపుతో లేస్తుందో
అదీ నా లెక్క.

చిల్లికి కూలి ఎంతండీ అంటే నవ్వాడు:
"లేనిదాన్ని ఏ తక్కెడలో వెయ్యను?"

రాత్రి తొమ్మిదికి పంపు వేస్తాను.
చిన్న ఇత్తడి గిన్నె, మీద ఆచారి గారి రేకు,
చుట్టూ గాలి లేదు.
బయట ఊరు ముప్పై నాలుగు డిగ్రీల్లో ఉడుకుతుంటే
గిన్నె కింద నీళ్ళు ఇరవై ఐదు దాటకూడదు.
ద్రవ నత్రజని పశువులాసుపత్రి నుంచి అప్పు.
ముర్రా దున్నల వీర్యం నిద్రపోయే డబ్బాలోంచి
జకరయ్య వంచి పోస్తాడు,
"ఈ వారం గేదెలు చూడి కట్టకపోతే నీదే పూచీ" అని.

ఆరు గంటలు.
పంపు అదురుకి గాజు గొట్టాలు పళ్ళు కొరుకుతాయి.
తెల్లారగట్ల గిన్నె తీసి తూస్తే
ఐదు మిల్లీగ్రాములు తక్కువ.
ఒక చీమ దిగి వెళ్ళిపోయినంత.
ఆ చీమనీ, బెజ్జం వైశాల్యాన్నీ, గడిచిన సెకన్లనీ పట్టుకుని
ఒత్తిడి తీస్తాను: ఒక పాస్కల్, కాస్త అటూ ఇటూ.
నెత్తిన మోస్తున్న గాలి బరువుని
లక్ష ముక్కలు చేస్తే అందులో ఒకటి.

ముసురు పట్టిందంటే త్రాసు మాట వినదు.
ఐదో దశాంశం లేసు అల్లే సూదిలా
ఒకచోట ఆగదు.
ఒక రాత్రి మూడో గంటలో కరెంటు పోయింది,
వశిష్ఠ మీది తేమంతా వచ్చి గిన్నెలో కూచుంది.
గ్రాఫు మీద ఐదు చుక్కలు గట్టు వెంబడి నడిచాయి.
ఆరోది తాడు తెంచుకున్న గేదెలా పక్క చేలో ఉంది.
చెరిపెయ్యమన్నారు సారు.
చెరపలేదు. పక్కన పెన్సిలుతో రాశాను: కరెంటు.

ఆచారి గారికి నమ్మకం కుదరలేదు.
చల్లటి గొట్టం లోపలి గోడకంటిన నారింజ పొరని చూపించాను,
పోయింది ఎక్కడికీ పోలేదండీ, ఇదిగో అని.
"మాకూ అంతే," అన్నాడు,
"మా సందు మురుగు కడిగి బతికేవాళ్ళుండేవారు."
వస్తూ వస్తూ ఓ గురివింద ఎత్తు పలుకులు
పొట్లం కట్టి ఇచ్చి వచ్చాను.

నాలుగో రోజు ఫోను.
"అమ్మాయ్, సరిగ్గా తూచి, ఫాను కింద పళ్ళెంలో పెట్టాను.
ఇప్పుడు గురివిందే బరువు.
కొట్టు తాళం నా మొలలోనే ఉంది.
యాభై ఏళ్ళుగా తరుగు అన్నప్పుడల్లా
ఎదుటి మొహాలు చూస్తున్నాను.
నీ పుస్తకంలో రాసుకో,
నేను తియ్యలేదు."