నోటు పట్టేంత సందు

ఎలక్షన్ కోడ్ వచ్చిందంటే
లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్‌కి పోవాల్సిందే.
తిరిగొచ్చేసరికి శ్రావణం.
సుభద్రాయమ్మ గారి రైఫిలు మెడలో
పురికొసతో అట్టముక్క, దాని మీద నంబరు.
ఇనుము ఇనుములాగే ఉంది.
చెక్కని చెద తినేసింది.

బొటనవేలితో నొక్కాను.
అప్పడంలా విరిగింది.
"సరిగ్గా అందిందని సంతకం కూడా పెట్టించుకున్నారండీ"
అంది ఆవిడ, నవ్వకుండా.

ధవళేశ్వరం వేలంలో కొన్న బీరువా తలుపు
మా మావయ్య చేతిలో ఈ చెక్క అయింది.
టేకే గానీ, మా గాలికి ఏ కర్ర నిలుస్తుంది?
ముసురు పడితే ఉబ్బి గొట్టాన్ని నెట్టేది.
గుండు జానెడు ఎడమకి పోయేది.
మాఘం వస్తే మళ్ళీ తిన్నగా.
"శ్రావణంలో కుడికి చూసి కొట్టాలనేవారు ఆయన."
ఆ లెక్క ఆ ఇంట్లో పంచాంగంతో పాటు నడిచింది.

పార్సిల్ విప్పాం.
నల్లటి ప్లాస్టిక్కు, పట్టుకుంటే బరువే లేదు.
వేలితో కొడితే ఖాళీ డబ్బా మోత.
వాసన లేదు. గీత లేదు. ఏ చెట్టూ కాదు.

రెండు మరలు విప్పితే
పాతది ఊడొచ్చింది, వెనకే పిడికెడు మట్టి.
కొత్తదాంట్లో దింపితే కూర్చోదు,
ఎక్కడో పట్టేస్తోంది.
ఎక్కడో తెలియాలంటే గొట్టానికి దీపం మసి రాసి దింపాలి,
అంటుకున్న చోట గీకాలి.
మావయ్య నేర్పిన పని అది.
నలుపు మీద నలుపు ఏం కనబడుతుంది?

కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాను.
"పసుపు రాయండి" అంది.

నువ్వులనూనెలో పసుపు కలిపి
గొట్టం అడుగున రాశాను.
దింపాను. ఎత్తాను.
చీకట్లో రెండు పచ్చటి మచ్చలు.
ఆకురాయి. మళ్ళీ పసుపు. మళ్ళీ ఆకురాయి.
బోల్టు పిడి తగిలే చోట ఇంకో నూలువాసి.
కాలవ మీద పంటు రెండుసార్లు వెళ్ళొచ్చింది.
పొద్దు వాలేక
ముందు మర బిగించాను, తర్వాత వెనకది.
పది రూపాయల నోటు మడత విప్పి
గొట్టానికీ ప్లాస్టిక్కుకీ మధ్య
కొస నుంచి లోపలిదాకా లాగాను.
ఎక్కడా ఆగలేదు.
ఇక ముసురూ ఎండా దీనికొకటే.

పాతదాని ఇత్తడి మడమ రేకు మాత్రం
కొంగున ముడేసుకుంది.
తక్కినదంతా పొయ్యిలోకి.

మర్నాడు లంకలో,
పందులు కుళ్ళబొడిచిన చిలగడదుంప చేలో,
ఏటిగట్టు వాలు మీద సున్నంతో గుండ్రం గీశాను.
ఆవిడ బోర్లా పడుకుంది.
చెంప ఆన్చి, "చల్లగా ఉంది" అంది.
ఊపిరి బిగబట్టింది.

మోతకి కొంగలు లేచాయి.
వెళ్ళి చూశాను.
గుండ్రానికి జానెడు కుడిగా
మట్టిలో ఒకే కన్నం.

నా పని ఎక్కడ తప్పిందా అని
మరల వంక చూస్తున్నాను.
ఆవిడ లేచి మోచేతుల బురద దులుపుకుంది.
"శ్రావణం కదండీ" అంది.