ఉంటుంది

సందర్శకుల కరపత్రానికి నాలుగే పేజీలు.
మొదటి దాంట్లో డీఎఫ్‌ఓ గారి సందేశం.
చివరి దాంట్లో చేయకూడనివి:
బీడీ, సీసా, పాటల డబ్బా, ఎర్రచందనం మాను మీద పేర్లు చెక్కడం.
నడిమి రెండూ నావి.
లంకమల కొండ కింద, రేకుల షెడ్డులో కూర్చుని
మూడు రోజులుగా ఒక్క క్రియ దగ్గర ఆగిపోయినాను.

‘ఈ అడవిలో కలివికోడి కలదు.’
పాత కరపత్రం అట్లే అన్నది.
కలదు అనేది గోడ మాట.
చల్లని మంచినీరు కలదు, జెరాక్సు కలదు.
కొట్టేశాను.

‘ఉంది’ అని రాస్తే
ఎప్పుడు, ఎవరు చూశారంటారు.
‘ఉండేది’ అని రాస్తే
నా చేత్తో నేనే గుంత తవ్వినట్టు.
‘ఉండవచ్చు’, అది వాన గురించి రేడియో చెప్పే మాట,
మా సీమలో దాన్ని నమ్మి ఎవరూ గొడుగు తీయరు.

శనివారం బద్వేలు నుంచి బడిపిల్లలు వచ్చారు,
ఒక బస్సు, నలభై ముగ్గురు, ఇద్దరు అయివార్లు.
ఘాటు రోడ్డులో కక్కుకున్న పిల్లోనికి నిమ్మకాయ ఇచ్చి
అందర్నీ గోడబొమ్మ ముందు నిలబెట్టాను.
జానెడుకు రవ్వంత పైన పిట్ట.
రొమ్ము మీద రెండు పట్టీలు.
మొహానికి మించిన కన్ను, చీకటి కోసం.
కలివి పొదల సందుల్లో ఎగరడం కన్నా
పరిగెత్తడమే దానికి ఇష్టం, అంటున్నాను,

గౌసియా అనే పిల్ల చెయ్యెత్తింది.
“మీరు సూసినారా సార్?”

ఐదేండ్ల ఉద్యోగం.
ఇదే బొమ్మ ముందు నాలుగు వందల సార్లు ఇదే మాట.
కుందేలును చూశాను, ఎలుగుబంటి వీపు చూశాను,
ఒకసారి చిరుత వదిలిపోయిన ఎముక చూశాను.
“లేదు” అన్నాను.
షెడ్డులో ఫ్యాను చప్పుడు పెద్దదయింది.

అప్పుడు పెంచలయ్య వాళ్ళను ఇసుక పట్టీ కాడికి పిల్చకపోయినాడు.
ఆయనకు అక్షరం రాదు,
నా కరపత్రాన్ని తలకిందులుగా పట్టుకుంటాడు.
నేలను మాత్రం ఎప్పుడూ సరిగ్గానే పట్టుకుంటాడు.
పొదల నడుమ మెత్తటి ఇసుక పరిచి
మాపున చీపురుతో సాపు చేస్తాడు,
పొద్దున చదువుతాడు.
“ఇది కౌజు. ఇది కుందేలు, ఈడ బెదిరి మళ్ళుకున్యాది.
ఇది మా రేంజరు సారు బూటు.”
పిల్లలు నవ్వినారు. ఆయన నవ్వలేదు.
వంగి, పుల్లతో ఒకదాని చుట్టూ గీత గీసినాడు.
మూడు వేళ్ళు. ఎనక వేలు లేదు.
“తీతువుది గూడా ఇట్లే పడ్తాది. నేను అబద్ధం చెప్పను.”
“మల్ల కలివికోడి?” గౌసియా వదల్లేదు.
“ఉంటాది పాపా” అన్నాడు,
ఇసుకను అరచేత్తో చదును చేస్తా.

ఉంటాది.
చట్టిలో సద్ది ఉంటాది చూడు, అన్నట్టు.
రెండు వానలు పడితే వంకలో నీళ్ళుంటాయి, అన్నట్టు.
నిన్నటి అలవాటునూ రేపటి అంచనానూ
ఒకే కొంగున ముడేసిన మాట.
చూసినోళ్ళదీ, చూడనోళ్ళదీ.

ఆ రాత్రే రాసి కడపకు, వైవీ స్ట్రీటు ప్రెస్సుకు పంపాను.
తెల్లారి డీఎఫ్‌ఓ గారి ఫోను:
“కలదు అని దిద్దవయ్యా, గౌరవంగా ఉంటుంది.”
అచ్చయిపోయింది సార్, అన్నాను.
ప్రెస్సులో ఆ పూట కరెంటే లేదు.