సున్నా వస్తే నిజం

ఆకివీడు దాటాక రొయ్యల చెరువు గట్టుమీద షెడ్డు.
రాత్రి రెండున్నర.
ఆక్సిజన్ నాలుక్కి తగ్గితే ఏరేటర్లు తిరగాలి,
లేకపోతే ఆగాలి.
ఇంతే కదా, ఐదు లైన్ల స్క్రిప్టు.
తిరగలేదు.

చివర ఏదో లేదని సణిగింది.
"తూము పలక ఎత్తినోడే దించాలండి" అంటున్నాడు
నల్లి ఏసోబు, ఫోన్లో ఇంకెవరితోనో.
ఇఫ్‌ని తిరగేసి ఫై అని రాశాను.

ఈసారి బ్రాకెట్టు దగ్గర అలిగింది.
షెల్లుకి అది గోడ కాదు, ఓ పనివాడి పేరు.
షరతుని దానికి అంటించి రాస్తే
ఆ పేరుగలవాడెవరూ లేడంటుంది.
పక్కన ఒక్క ఖాళీ వదిలాను.

నాకు మింగుడుపడనిది ఇంకోటుంది:
ఆజ్ఞ సున్నా తెస్తే నిజమట,
దెన్ వైపు దారి తెరుస్తుందట.
మా లెక్కల మాస్టారు సున్నాకి గోడకుర్చీ వేయించేవాడు.

ఏసోబు టార్చి నోట కరుచుకుని
చెక్‌ట్రే పైకి లాగాడు.
"చచ్చినవెన్ని?"
టార్చి తీసి, ఊపిరొదిలి,
"సున్నా మేడమ్" అన్నాడు.

అప్పుడు తెలిసింది.

నీళ్లు తెల్లగా లేచాయి చీకట్లో.
స్క్రిప్టు ఏమీ అనలేదు.
ఏసోబూ ఏమీ అనలేదు,
బీడీ వెలిగించుకున్నాడు.