కదిలే చుక్క

గెలాక్సీ అంటే మా చీమకుర్తిలో రాయి.
నల్లటి రాయి, లోపలంతా ఇత్తడి రజను.
పాలిష్ పట్టి నీళ్ళు కొడితే
అమాస రాత్రిని కోసి నిలబెట్టినట్టుంటది.
ఇరవై రెండేళ్ళుగా దాని మీదే నా కళ్ళు.
వెంట్రుకవాసి పగులు, తెల్ల జీర, చుక్కలు పలచబడ్డ చోటు.
సుద్దముక్కతో గీత గీశానా,
ఇక ఆ పలక ఓడెక్కదు.

మా రమీజాకి ఇప్పుడు వేరే పలక దొరికింది.
బళ్ళో ఏసురత్నం టీచరు కంప్యూటర్లో
యాడో కొండమీద టెలిస్కోపు తీసిన ఆకాశం తునకలు.
ఒకే చోటివి నాలుగు బొమ్మలు, కాస్త కాస్త ఎడంతో.
ఒకదాని వెనక ఒకటి తిప్పుతూ పోవాలంట.
కదలనివన్నీ నక్షత్రాలు.
ఒక్కటి పేను పాకినట్టు పాకిందంటే, అది రాయి.
"మన మీదికొచ్చేదా?"
"చూస్తే గదా నాన్నా తెలిసేది."

శనివారం, చొక్కాకి రాతిబురద వాసనతోనే
పోయి పక్కన కూచున్నా.
నాకేం కనపడలా. నేను నేర్చింది
నిలబడి ఉన్నదాంట్లో తప్పు పట్టడం.
"అదుగో!" అంది.
అది కెమెరా మీది మచ్చంది టీచరు.
ఇంకోటి. అదీ కాదు.
మూడోది మాత్రం నాలుగు బొమ్మల్లోనూ
గీత గీసినట్టు నడిచింది.

క్వారీలో మందు పేల్చేముందు
ఎర్రజెండా, మూడు ఈలలు.
మూడో ఈలకి పోలయ్య
మర్చిపోయిన చుట్ట కోసం వెనక్కి తిరిగాడు.
పిడికిలంత రాయి.
దాన్నెవరూ అమ్మలా, పారేయలా.
తూకపు గది గోడవార ఇప్పటికీ ఉంది.
వానొస్తే దానిమీదా చుక్కలు మెరుస్తాయి.

పదకొండు రోజులకి జవాబొచ్చింది.
అది పాత రాయేనంట.
ఎవరో ఎప్పుడో చూసి నంబరేసిందే.
మన దరిదాపుల్లోకి రాదంట.
నేను "పోన్లే" అనబోయా.
"రాదని ఎట్టా తెలిసింది?
ఎవురో ఒకరు మళ్ళా మళ్ళా చూడబట్టే గదా"
అని అన్నం కంచం పక్కకి జరిపి
రేపటి బొమ్మల సంగతి ఎత్తుకుంది.

ఈమధ్య పలక ముందు నిలబడి
ఒకసారి కళ్ళు మూసి తెరుస్తున్నా.
మళ్ళీ మూసి, మళ్ళీ తెరిచి.
"ఏంది ఖాసిం, నలక పడిందా?"
అన్నాడు సూపర్‌వైజరు.
అవునన్నా.