నాలుగు వైపులా

సెలైనా దాటాక గాలి మొదలైంది,
ట్రెయిలర్‌ని నడుం పట్టుకుని ఊపుతోంది.
స్టీరింగు టోబిన్ చేతిలో ఉంది. సోమవారం వాడికి పరీక్ష.
వెనక ఇరవై రెండు పేలెట్ల బ్యాటరీలు,
కడుపులో యాసిడ్ పెట్టుకుని
కుదురుగా కూర్చున్న బరువు.

'మనకి పలకలు లేవేం, ఓర్లా?
పేకలో డైమను లాంటివి,
పైన తెలుపు, కింద నలుపు, అడుగున ఎనిమిది.
చేతి మీద చుక్క పడి చర్మం ఉడుకుతుంటుంది, ఆ బొమ్మ.'

పుస్తకంలో చిన్న అక్షరాలు చదవలేదు నువ్వు, అన్నాను.
బ్యాటరీలు ఒక్కటే ఉండి,
కొనకి కొన తగలకుండా కట్టి ఉండి,
సరుకంతా ఒక్క ఆసామిదే అయితే
బండి ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు.

గుడ్‌లాండ్ డాక్ మీద మెర్ల్ చెయ్యెత్తాడు.
'రెండే డ్రమ్ములు. డెన్వర్‌కే.
ఎలాగూ పోయే బండే కదా.'
పాల పైపులు కడిగే యాసిడ్. వేరేవాళ్ల సరుకు.

ఎలాగూ పోయే బండే కదా.
పదకొండేళ్ల కిందట ఇదే మాట అని
ఒక సంచీతో, ఒక గోధుమరంగు కుక్కతో
క్యాబ్ ఎక్కాడొకడు.
మంచివాడే. నేనూ చెడ్డదాన్నేం కాదు.
విడివిడిగా ఇద్దరికీ ఏ పలకా అక్కర్లేకపోయింది.

కాగితాలు మళ్లీ రాయించాను.
వెయ్యి పౌండ్లు ఎప్పుడో దాటాం.
దిగు టోబిన్, పరీక్ష పాసయ్యేదాకా
ఈ బండి నువ్వు తోలకూడదు, అన్నాను.
వాడి మొహం చిన్నబోయింది.
పలకలు బిగిస్తూ అడిగాడు:
'వెనకది వదిలేద్దామా? అంతా బురదే.'
తుడువు.
వెనక వచ్చేవాడికే కదా
దూరం నించి తెలియాల్సింది.

డెన్వర్ చేరేసరికి రాత్రి.
డ్రమ్ములు దిగాయి, బ్యాటరీలు దిగాయి,
ట్రెయిలర్ ఊడ్చాం. నేల మీద ఒక్క తడిచుక్క లేదు.
'ఖాళీయే కదా, పొద్దున తీద్దాం,' అన్నాడు ఆవలిస్తూ.
లేని ప్రమాదాన్ని ఊరంతా చాటడమూ తప్పేరా,
అదీ ఉంది నీ పుస్తకంలో.

సీటు సందుల్లో ఇంకా
గోధుమరంగు వెంట్రుకలు దొరుకుతుంటాయి నాకు.

మూడు పలకలు ఇట్టే వచ్చేశాయి.
నాలుగోదాని మర తుప్పు పట్టింది.
టార్చి ఇటు పట్టు, అన్నాను,
ఇంకాస్త కిందికి.