మూడో చెవి

జోడుగుళ్లపాలెం దగ్గర
ప్యాంటు మడిచి నీళ్లలో దిగినప్పుడు
జేబులోంచి జారిందో, అలే జేబులో చెయ్యి పెట్టిందో,
ఒడ్డుకొచ్చి తడుముకుంటే
తాళంచెవి లేదు.

బీచ్ రోడ్డు మీద నా పాత బండి
ఉప్పుగాలికి జిగటగా నిలబడి ఉంది.
అద్దంలోంచి చూస్తే లోపల ఎర్రదీపం
వెలుగుతూ ఆరుతూ,
నిద్రపట్టని వాచ్‌మన్ బీడీలాగా.

కంచరపాలెంలో నలభై రూపాయలిచ్చి
ఎప్పుడో చేయించిన మారుతాళం ఇంట్లో ఉండాలి.
ఆటోలో వెళ్లి తెచ్చాను.
తలుపు తెరుచుకుంది. కూర్చున్నాను. తిప్పాను.
ఇంజను గొంతు సవరించుకుంది,
అంతలోనే ఎవరో కొత్తవాణ్ణి చూసినట్టు ఆగిపోయింది.
పళ్లన్నీ సరిపోయాయి, గాడి సరిపోయింది,
మనిషినే కాదంది.

సిరిపురం షోరూములో
ఏసీలో కూర్చోబెట్టి, చల్లటి నీళ్లిచ్చి
పద్దెనిమిది వేలన్నారు.
చెన్నై నుంచి రావాలి, పదిహేను రోజులు,
బండిని మీరే ఈడ్పించుకు రావాలి.
నీళ్లు తాగి వచ్చేశాను.

పూర్ణా మార్కెట్ వెనక సందులో
ఉల్లిపాయల బస్తాలకీ గొడుగులు బాగుచేసే ముసలాయనకీ మధ్య
సన్నిబాబు కొట్టు. కొట్టంటే ఒక చెక్కబల్ల,
గోడకి వేలాడే ఆరేడు వందల చెవులు,
ఒక్కదానికీ ఇంకా ఏమీ వినబడదు.

"ఆర్సీ ఉందేటి? ఆధారు?
లేపోతే చెయ్యను బాబూ,
దొంగకైనా కావాల్సింది తాళమే గదేటి."

సాయంత్రం స్కూటరు మీద వచ్చాడు.
వెనకాల మేనకోడలు నూకరత్నం, ఒళ్లో లాప్‌టాప్.
ఆయన ఆకురాయితో అరగదీసి పొడి ఊదుతుంటే
ఆ పిల్ల పట్టకారుతో ఒకటి ఎత్తి చూపించింది.
గాజు పలుకు. బియ్యపుగింజంత.
"దీనికి బ్యాటరీ ఉండదండి.
తనంతట తాను మాటాడదు.
ఎవులు నువ్వని బండి అడుగుతాది.
ఆ అడిగిన ఊపిరితోనే ఇది పేరు చెప్తాది.
అడక్కపోతే రాయే."

తాళానికి చెవి అని పేరెట్టినవాడు
ఎవడోగానీ
ఈ గింజ వస్తుందని ఎరిగే పెట్టాడనిపించింది.

స్టీరింగు కింద వైరు గుచ్చి
తెర మీద ఏదో చదివి తలెత్తింది.
"మూడున్నాయండి."
ఏం మూడు?
"తాళాలు. బండి మూడిట్ని గుర్తెట్టుకుంది.
ఒకటి సముద్రంలో పోనాది. మరి రెండూ?"

ఎంవీపీ కాలనీలో నాకీ బండి అమ్మినాయన,
స్టీలుప్లాంటులో చేసి దిగిన పెద్దమనిషి,
ఒకటే ఉందని సింహాద్రి అప్పన్న మీద ఒట్టేశాడు.
నాలుగేళ్లు ఆ ఒట్టు మీద కూర్చుని తిరిగాను.
ఈ ఊళ్లో ఏ సొరుగులోనో, ఏ మేకుకో,
ఎవరి చీరల మడతల కిందో
నా బండి ఎరిగిన చెవులు రెండు.
కేజీహెచ్ ముందు జ్వరంతో ఉన్న చంటిదాన్ని భుజాన వేసుకుని
తలుపు పడిందా అని రెండుసార్లు లాగి చూసుకున్న రోజు
వాళ్లలో ఎవరొచ్చి తిప్పినా
నాకు పలికినట్టే పలికేది.

కోపమొచ్చింది.
ఆయన మీద కాదు, బండి మీద.

"అన్నీ చెరిపేస్తేనే మంచిదండి. చెరిపీమంటారా?"
సన్నిబాబు ఆకురాయి ఆపాడు.
చెరిపెయ్యమన్నాను.
ఇంకాస్త ఆగి అనాల్సిందేమో.

ఎర్రదీపం కాసేపు నిలకడగా వెలిగి, ఆరింది.
తిప్పాను. పలికింది.
నాలుగు వేల రెండొందలు. రెండొందలు తగ్గించి,
"ఇంకోటి కూడా చేయించీండి బాబూ,
ఒంటి తాళం మంచిది కాదు" అన్నాడు.
సరేనన్నాను గానీ
ఆ రెండోది ఎవరి చేతికివ్వాలో
ఇంటికొచ్చేదాకా తేలలేదు.

నీళ్లలో ఉన్నదాన్ని ఇక అడిగేవాళ్లు లేరు.
కానీ ఎప్పుడో ఒకరోజు
ఎవరో ఒకరు పాత తాళం పట్టుకొస్తారు.
తలుపు తెరుచుకుంటుంది. కూర్చుంటారు.
తిప్పితే ఇంజను గొంతు సవరించుకుంటుంది.
తర్వాత రెండు సెకన్లూ
వాళ్లకేమనిపిస్తుందో నాకు తెలుసు.