మూడు లీటర్లు

పెందుర్తి నుంచి పాత పోస్టాఫీసు దాకా
రోజుకి ఆరు ట్రిప్పులు.
బ్యాగులో చిల్లర, మెడలో టికెట్ల మిషను,
సీటు కింద స్టీలు సీసా.
పొద్దున నింపింది నింపినట్టే
రాత్రికి ఇంటికొచ్చేది.
పదకొండేళ్ళు.

తాగితే పోయాలి కదా.
పోయడానికి చోటేది?
డ్రైవరు సన్యాసినాయుడు బస్సాపి
గోడవారకి వెళ్ళొచ్చి బీడీ ముట్టిస్తాడు.
ఇంత ఊళ్ళో
నాకొక్క గోడ లేదు.

గొంతు తడుపుకోవడం కూడా ఒక విద్యే.
ఎన్.ఏ.డి. దగ్గర ఒక గుక్క.
కంచరపాలెం దాటాక ఇంకోటి,
అదీ మింగకుండా పుక్కిలించి
కిటికీలోంచి,
ఎవరి మీదా పడకుండా.

మే నెలలో విశాఖ సంగతి తెలుసుగా.
ఎండని ఓర్చుకోవచ్చు, ఉక్కని కాదు.
సముద్రం మొత్తం ఆవిరై
ఖాకీ చొక్కాలోకి దూరినట్టుంటుంది.
చెమట ఆరాక వీపంతా తెల్లటి గీతలు,
ఉప్పుమళ్ళ గట్లలా.
బయటికి అంత పోతుంటే
లోపలికి చెంచాడు పోయనిదాన్ని.

నాకు కోపమెక్కువని డిపోలో పేరు.
చిల్లర లేదన్నాడని ఒక కాలేజీ కుర్రాణ్ణి
మర్రిపాలెంలో దింపేశాను, వానలో.
మధ్యాహ్నం మూడయ్యేసరికి
కణతల్లో ఎవరో మేకులు దిగ్గొట్టేవారు.
రాత్రిళ్ళు పిక్కలు పట్టేసి లేచి కూర్చునేదాన్ని.
వయసన్నారు. గాలి అన్నారు.
మా అత్త ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి
పొయ్యిలో వేసింది.
కోరు రాకపోతే దిష్టేనంది, కోరొచ్చింది,
ఇంటిల్లిపాదీ దగ్గాం.
నీళ్ళ మాట మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఆషాఢంలో ఒక సోమవారం
గోపాలపట్నం స్టాపులో
నడుం పట్టుకుని వంగిపోయాను.
మిషను ఎవరి ఒళ్ళో పడిందో తెలీదు.

కేజీహెచ్‌లో చిన్న డాక్టరమ్మ
స్కాను ఫిల్ము వెలుగుకి పట్టి
"రాయమ్మా" అంది.
"రోజుకెన్ని నీళ్ళు తాగుతావు?"
చూపుడువేలు చూపించాను,
వేలంతా కూడా కాదు, పై కణుపు.
"మూడు లీటర్లు తాగాలి.
ఒంటేలు బొండాం నీళ్ళలా ఉండాలి,
బెల్లం పాకంలా కాదు."
మందుచీటీ మీద రాసింది కూడా,
మాత్రల కింద, నీళ్ళు.
తాగుతానమ్మా,
ఎక్కడ పోయాలో అది కూడా
ఆ చీటీ మీదే రాసియ్యి, అన్నాను.
పెన్ను ఆగిపోయింది.

నెల్లాళ్ళకి డ్యూటీలో చేరాను.
పాత పోస్టాఫీసు దగ్గర
చేపల తట్ట ఎక్కిస్తూ పోలమ్మ
"ఏటే, మొకం అలా పీక్కుపోనాది?" అంది.
చెప్పాను.
బస్సులో నలుగురూ వింటున్నా చెప్పాను.
"ఓసి ఎర్రి గుంటా,
ఆ సందు సివర ఇల్లు నాదే గదే!
ఇన్నాళ్ళూ నోరు లేదేటి?"
బొడ్లోంచి తాళంచెవి తీసి
టికెట్టు డబ్బులతో బాటు చేతిలో పెట్టింది.
తట్టకి లగేజీ మాత్రం ఇవ్వలేదు.
నేనూ అడగలేదు.

నీలం రేకు తలుపు.
లోపల ఎర్ర మగ్గు, గోడ మీద బల్లి,
ఎండుచేపల వాసన.
తలుపు గడియ పెట్టుకుని
కాసేపు ఊరికే నిలబడ్డాను.

ఇప్పుడు రెండు సీసాలు.
ఒకటి ఎన్.ఏ.డి. వచ్చేలోగా,
రెండోది వెనక్కొచ్చే ట్రిప్పులో,
మధ్యలో ఎక్కడో నింపుకుంటాను.
కార్తీకంలో రాయి దిగింది.
పెసరగింజంత.
ఇంత గొడవా దీనిదేనా అని
అరచేతిలో వేసుకుని చూశాను.
మూడు గంటల మేకులు లేవు.
పిక్కలు నిద్రపోతున్నాయి.
మొన్న అదే కుర్రాడు
అయిదొందల నోటుతో బిక్కుబిక్కుమంటూ ఎక్కాడు.
"దిగేటప్పుడు చూద్దాంలే, కూర్చో" అన్నాను.
నాయుడు అద్దంలోంచి నన్ను
రెండుసార్లు చూశాడు.

నిన్న కొత్త కండక్టరు పిల్ల చేరింది, హైమ.
డిపో గేటు దగ్గర సీసా నింపుకుంటోంది.
రాత్రి చూశాను,
నింపింది నింపినట్టే ఉంది.

పొద్దున్నే కంచరపాలెం మెట్టు దగ్గర
నలభై రూపాయలిచ్చి
పోలమ్మ తాళానికి మారుచెవి చేయించాను.
ముందు అది ఆ పిల్ల చేతిలో పెట్టాను.
తర్వాతే
సీసా మూత తిప్పాను.